రంగు వేసిన దూలాలు

ఈ వారమే ఈ కథలోకి వచ్చినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మిగిలినవాళ్ళు ఈలోగా కుర్చీ సర్దుకోండి.

ఊరి చివర మూతపడ్డ నూలు మిల్లు ఒకటి ఉంది. సినిమాలన్నీ రాజధానిలోనే తియ్యాలా, చిన్న ఊళ్ళలో కూడా స్టూడియోలుంటే అక్కడి పనివాళ్ళకి ఇంటిపట్టున పని దొరకదా అని ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. ఆ డబ్బుతో మిల్లు షెడ్డుని షూటింగ్ ఫ్లోరుగా మారుస్తున్నారు. దానికోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినవాడు మావయ్య. స్టూడియో సంఘానికి చైర్మన్ ఆయనే. ఎవరికి మావయ్య అంటే, మన చిన్నమేస్త్రికి. చిన్నమేస్త్రి అంటే మగవాడనుకునేరు. సెట్లు వేసే పెద్దమేస్త్రి కూతురు ఆమె. తండ్రి దగ్గర సుత్తి పట్టడం నేర్చుకుంది, రాజధానిలో పరాయి ఫ్లోర్లలో ఏళ్ళ తరబడి సెట్లు వేసింది, సొంత ఊళ్ళో స్టూడియో లేస్తోందని విని పెట్టే బేడా సర్దుకుని వచ్చేసింది. ఆమె వెనకే తమ్ముడూ వచ్చాడు. వాడు లైట్‌మన్. ఎంత ఎత్తయినా ఇట్టే ఎక్కేస్తాడని అందరూ ఉడత అంటారు.

పోయిన వారం చివర్లో, నిధి డబ్బుతో కొత్తగా వచ్చిన పెద్ద పెద్ద లైట్లని పైన ఏ దూలానికి వేలాడదీయమంటావని ఆమె తండ్రిని అడిగింది. పెద్దమేస్త్రి వేళ్ళకంటిన చెక్కపొట్టు దులుపుకుంటూ, "అవి వేలాడదీయడానికి కాదమ్మా, చూపించడానికి" అన్నాడు.

సెట్లు వేసే ఇంట్లో పుట్టిన పిల్లకి ఆ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అయినా కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుంది.

మిల్లు పైకప్పు కింద దూలాలు జంటలు జంటలుగా ఉండేవి. ప్రతి జంటలోనూ ఒకటి తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. వాటిని దింపేశారు. కొత్తవి ఎక్కించాలంటే నిధి నుంచి రెండో విడత రావాలి. రెండో విడత రావాలంటే కప్పు పని మొదలైనట్టు కనపడాలి. "మొదలైనట్టు కనిపిస్తే చాలు బావా" అన్నాడు మావయ్య. కనిపించడం అనే మాట పెద్దమేస్త్రి దగ్గర వాడకూడదు. ఆయన జీవితమంతా చేసింది ఆ పనే. ప్లైవుడ్డుతో పెట్టెల్లాంటి దూలాలు కట్టించాడు. వాటి మీద ప్లాస్టరు రాయించాడు, ఇనుము రంగు పూయించాడు, సీసా మూతలు అతికించి మేకుల తలలు చేశాడు. రెండు మూడు వేయించి ఊరుకుంటే సరిపోయేది. కానీ సగం సెట్టు వదిలేసి నిచ్చెన దిగడం ఆయనకి చేతకాని పని. మొదలైనట్టు చెయ్యమంటే పూర్తయినట్టు చేశాడు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ తల పైకెత్తి చూసింది, బాగుందంది, కప్పు పూర్తయిందని రాసుకుని వెళ్ళిపోయింది. పూర్తయిన కప్పుకి మళ్ళీ డబ్బెందుకు? ఆ భాగం నిధిని రాజధాని స్టూడియోకి మళ్ళించారు. వీళ్ళకి లైట్లు పంపారు. బస్తాల్లా బరువైన లైట్లు వచ్చాయి, వాటిని మోసే దూలాలు మాత్రం రాలేదు. మావయ్య ఆ రోజు తల పట్టుకు కూర్చున్నాడట. పెద్దమేస్త్రి మాత్రం, ఆఫీసరే పోల్చుకోలేకపోయింది చూశావా అని నలుగురితోనూ చెప్పుకుని మురిసిపోయాడట. మనుషులు ఇలాంటివాళ్ళు. మనమేం చేస్తాం!

అంతా విన్నాక కూతురు ఒకటే మాట అంది. "రేపు ఆవిడ వస్తుందిగా. చెప్పేస్తాను."

"నా పని అబద్ధమని చెబుతావా?"

"పని అబద్ధం కాదు నాన్నా. దూలం అబద్ధం."

ఆయన లేచి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఉలుకూ పలుకూ లేదు. తమ్ముడికైనా చెబుదామంటే వాడు ఊళ్ళో లేడు. లైట్లకి కట్టే గొలుసులు తేవడానికి వెళ్ళాడు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. లారీ మీద పడుకుని ఉంటాడులే అనుకుంది.

*

తెల్లారగానే ఆమె ఫ్లోరు తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. ఆ తలుపు మామూలు తలుపు కాదు. బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి పోకుండా జానెడు మందాన చేయించినది. ఈ స్టూడియోలో నిధి డబ్బుతో నిజంగా పూర్తయిన పనుల్లో అదొకటి. తర్వాత గేటు దగ్గరకి వెళ్ళి ఫండమ్మ కారు కోసం నిలబడింది. ఫండమ్మ అంటే నిధి తరఫున పనులు చూసి డబ్బు విడుదల చేసే ఆ ఆఫీసరే. ఎదురుగా మేడమ్ అంటారు, వెనక ఫండమ్మ అంటారు. ఆవిడకి రెండూ తెలుసు.

కారు కంటే ముందు మావయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖాన చిరునవ్వు. మేనకోడలి ముఖం చూడగానే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీ నాన్న చెప్పేశాడన్నమాట."

"చెప్పాడు."

"సరే. విన్నావు, తెలుసుకున్నావు. ఇవాళ్టికి కాస్త నోరు కట్టుకో తల్లీ. ఈ ఒక్క తనిఖీ గట్టెక్కితే చివరి విడత చేతికొస్తుంది. అందులోంచి గుట్టుచప్పుడు కాకుండా దూలాలు మార్పించేస్తాను. నా మీద ఒట్టు."

"ఎల్లుండి నుంచి షూటింగు. బయటి కంపెనీ వాళ్ళు వస్తున్నారు. అప్పటిదాకా లైట్లు ఎక్కడ పెడతావు మావయ్యా, నీ నెత్తి మీదా?"

"గట్టి దూలాలున్నాయిగా! జంటకొకటి. వాటికే కట్టిద్దాం."

"కట్టేవాడికి ఏది గట్టిదో ఎవరు చెబుతారు? చెబితే గుట్టు దాగదు. చెప్పకపోతే వాడు దాగడు, కింద పడతాడు."

మావయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు రాజధానిలో ఉన్నావు కాబట్టి నీకు తెలియదు. ఈ డబ్బు ఒకసారి వెనక్కి పోయిందంటే మళ్ళీ ఈ ఊరి పేరు ఎత్తేవాడుండడు. చిన్న ఊళ్ళకి సినిమా ఎందుకయ్యా అని నా ముఖం మీదే నవ్వారు. నవ్వినవాళ్ళ గదుల బయటే బల్ల మీద కూర్చుని ఇది తెచ్చాను. మన పెయింటర్లు, వడ్రంగులు, బట్టలు కుట్టేవాళ్ళు, అందరూ మళ్ళీ సంచీ భుజాన వేసుకుని రైలెక్కాలి. అదేనా నీకు కావాల్సింది?"

"రైలెక్కినవాళ్ళు సెలవులకైనా ఇంటికొస్తారు మావయ్యా. మీద లైటు పడినవాడు రాడు."

ఆమెకి ఆయన మీద కోపం రావాలి, రాలేదు. అదే ఆమెకి చిరాకు. ఇంటిల్లిపాదీ వద్దన్నా, ఆడపిల్లకి సుత్తేమిటని పెదవి విరిచినా, ఆమెని రాజధాని పంపించమని పట్టుబట్టింది ఈ మావయ్యే. ఆయన చెడ్డవాడు అయ్యుంటే పని ఎంత తేలికయ్యేదో అనుకుంది.

అంతలో కారు వచ్చింది. మావయ్య చిరునవ్వు మళ్ళీ ముఖానికి తగిలించుకుని ఎదురెళ్ళాడు.

*

మిల్లు నడిచే రోజుల్లో జీతాలిచ్చిన గదే ఇప్పుడు స్టూడియో ఆఫీసు. కటకటాల కిటికీ, దాని కింద చేతులు ఆనించి ఆనించి నున్నబడిన చెక్క ఇంకా అలాగే ఉన్నాయి. ఫండమ్మ కుర్చీలో కూర్చుంటూనే సంచీలోంచి సొంత నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టుకుంది. ఎక్కడికెళ్ళినా ఎవరిచ్చినా ఏదీ తాగదు. రేపు ఎవరూ ఒక మాట అనకూడదని ఆవిడ పట్టుదల.

"లైట్లు ఎక్కించడం చూసి వెళ్ళిపోతాను చైర్మన్ గారూ. సాయంత్రం నాకు మరో తనిఖీ ఉంది."

"ఎంతసేపు మేడమ్! అన్నీ సిద్ధం..."

"ఏదీ సిద్ధంగా లేదు మేడమ్," అంది చిన్నమేస్త్రి.

మావయ్య దగ్గాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

"పైన మీరు చూసిన దూలాల్లో సగం ఇనుము కాదు. చెక్క. ప్లైవుడ్డు పెట్టెలు. వాటికి లైటు కాదు కదా, నీళ్ళ బకెట్టు కూడా వేలాడదీయకూడదు."

ఫండమ్మ సీసా మూత తిప్పుతూ తిప్పుతూ ఆగింది. "మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

"ఆ కప్పు నేను కళ్ళారా చూశాను. పూర్తయిందని సంతకం పెట్టింది నేను. దూలాల మీద తుప్పు మరకలుంటే, వాటిని గీకించి రంగు వేయించమని కూడా చెప్పి వెళ్ళాను."

"ఆ తుప్పు మా నాన్న వేసిందేనండి."

మావయ్య కిటికీ కటకటాలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు. ఇంకో సందర్భంలో అయితే ఫండమ్మ ముఖం చూసి నవ్వొచ్చేదే. లేని తుప్పుని గీకించమన్న మనిషి తన కళ్ళని తను తిట్టుకుంటున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం. కానీ నవ్వడానికి అక్కడెవరికీ ధైర్యం లేదు.

"ఎవరు చెయ్యమన్నారు?" అంది ఆవిడ, చాలా నెమ్మదిగా.

చిన్నమేస్త్రి చెప్పాల్సింది చెప్పింది. మనిషిని పట్టివ్వడానికి నోరు రాలేదు.

"అమ్మాయిని అడక్కండి మేడమ్," అన్నాడు మావయ్య, కిటికీ వైపే తిరిగి. "నేనే చెప్పాను. మా బావది చెయ్యి మాత్రమే, బుద్ధి నాది. పని మొదలైనట్టు చూపించమన్నాను. ఆయన మొత్తం కట్టేశాడు. మీరు వచ్చి పూర్తయిందన్నారు. కాదని చెప్పాలంటే ఎందుకు చేశామో చెప్పాలి. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. చెప్పలేకపోయాను."

"మీరు చెప్పలేకపోవడం వల్ల ఏమయిందో తెలుసా? మీ కప్పు డబ్బుని నా చేతులతో నేనే వేరే ఊరికి పంపించాను."

"తెలుసు మేడమ్. అప్పట్నుంచీ సరిగ్గా నిద్రపోలేదు."

"నా ఉద్యోగం సంగతి ఆలోచించారా?"

నిజం చెప్పాలంటే ఆయన ఆలోచించలేదు. మనకి పని కావాల్సినప్పుడు బల్ల అవతల కూర్చున్న మనిషికి కూడా ఇల్లూ వాకిలీ ఉంటాయని ఎవరం ఆలోచిస్తాం?

ఫండమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడిచింది. "ఈ స్టూడియోకి ఇక ఒక్క రూపాయి కూడా రాకుండా ఇప్పుడే ఇక్కడి నుంచే ఫోను చేసి ఆపించగలను. రూలు ప్రకారం చెయ్యాలి కూడా."

"చెయ్యకండి," అంది చిన్నమేస్త్రి.

"బతిమాలుతున్నారా?"

"బతిమాలేదాన్నయితే పొద్దున్నే మావయ్య మాట విని ఊరుకునేదాన్ని మేడమ్. అడుగుతున్నాను. ఫ్లోరుకి మీ తాళం వేయండి. షూటింగు ఆపించండి. బయటి కంపెనీ వాళ్ళకి నేనే ఫోను చేసి రావద్దని చెబుతాను, వాళ్ళు తిట్టే తిట్లు నేనే పడతాను. మావయ్యని చైర్మన్ కుర్చీలోంచి దింపుతారో, మా నాన్నని మళ్ళీ ఈ గేటు తొక్కొద్దంటారో, అది మీ ఇష్టం. డబ్బు మాత్రం ఆపకండి. కప్పుకి ఇవ్వాల్సింది కప్పుకి ఇవ్వండి. తప్పు చేసింది మా ఇంట్లోవాళ్ళు. రైలెక్కాల్సింది ఊళ్ళోవాళ్ళా?"

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

ఫండమ్మ ఆమె వైపు తిరిగింది. "నిజం చెబితే మీ సొంత స్టూడియోనే మూతపడచ్చని తెలిసీ చెప్పారు. ఎందుకు?"

"ఆ ఫ్లోరులో ఎల్లుండి నుంచి పని చేసేది నేను కాబట్టి. పైకెక్కేది నా తమ్ముడు కాబట్టి. పరాయి స్టూడియోల్లో ఎన్నిసార్లు తల పైకెత్తి భయపడ్డానో నాకు తెలుసు. సొంత ఊళ్ళో కూడా భయపడుతూ పని చేయాలంటే ఇక్కడికి రావడం దేనికి?"

ఫండమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. సీసా సంచీలో వేసుకుని లేచింది. "పదండి, చూపించండి. పోయినసారి కళ్ళతో చూసి మోసపోయాను. ఈసారి చేత్తో పట్టుకుని చూస్తాను. అదయ్యాకే ఫోనా, కాదా అన్నది."

అది అవునూ కాదు, కాదూ కాదు. అయినా చిన్నమేస్త్రికి అదే చాలు. జేబులోంచి తాళంచెవి తీస్తూ వరండాలోకి వచ్చింది.

వరండా ఖాళీగా ఉంది. పొద్దున అక్కడ గోడంత ఎత్తున పేర్చి ఉన్న లైట్ల అట్టపెట్టెలు ఒక్కటీ లేవు.

"పెట్టెలేవి?"

"లారీ వచ్చిందమ్మా," అన్నాడు మావయ్య. "నువ్వు గేటు దగ్గర ఉన్నప్పుడు, నేనింకా అక్కడికి రాకముందు, వెనక దారిలో వచ్చింది. ఎండలో ఎందుకు, సామానంతా లోపల పెట్టుకోండని నా దగ్గరున్న రెండో తాళంచెవి..." ఆయన మాట అక్కడే ఆగిపోయింది. "ఉడతకిచ్చాను."

ఆమె పరిగెత్తింది.

*

ఆ మందపాటి తలుపు తోయడానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఆమె ఒక్కతే తోసేసింది.

లోపల లైట్‌మన్లు గుండ్రంగా నిలబడి పైకి చూస్తున్నారు. ఆమె కూడా చూసింది. కప్పుకి దగ్గరగా, ఫ్లోరుకి సరిగ్గా మధ్యలో, ఒక జంటలోని రెండు దూలాల మీదా చెరో కాలు వేసుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు. భుజాన గొలుసు చుట్ట. మేడమ్ వచ్చేసరికి ఒక లైటైనా వెలిగించి చూపిద్దామని ఎవరూ చెప్పకుండానే ఎక్కేశాడు. వాడికేం తెలుసు? కింద నుంచి చూసిన ఎవరికైనా అవి ఇనుప దూలాలే.

"అక్కా!" అన్నాడు, చెయ్యి ఊపుతూ. "ఫండమ్మని పిలు! ఇంకో నిమిషంలో..."

"ఒరేయ్, కదలకు!"

ఆమె గొంతులో ఏం వినిపించిందో గానీ వాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అప్పుడు వినపడింది చప్పుడు. టప్పుమని ఒక్కసారి, ఎండిన కట్టె విరిచినట్టు. రెండు దూలాలూ కలిసి కొంచెం ఊగాయి. పైనుంచి అరచేతంత ముక్క ఒకటి రాలి, సిమెంటు మీద జారుకుంటూ అప్పుడే లోపలికి వచ్చిన ఫండమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ వంగి తీసుకుంది. ఒక పక్క తెల్లటి ప్లాస్టరు, దానికంటుకున్న పల్చటి చెక్క. రెండో పక్క ఎర్రటి తుప్పు, ముచ్చటగా. చేత్తో పట్టుకుని చూస్తానన్నది ఆవిడ చేతిలోకే వచ్చింది.

"అక్కా," అన్నాడు ఉడత. ఈసారి గొంతులో ఆట లేదు. "ఏంటిది?"

"విను. నీ కాళ్ళ కింద ఉన్నవాటిలో ఒకటే ఇనుము. రెండోది చెక్క. భయపడకు."

"భయపడకు అని చివర్లో చెప్పావేంటే!"

ఎవరూ నవ్వలేదు. ఆమె ఫ్లోరు మధ్యలోకి వెళ్ళబోయిన లైట్‌మన్లని గోడవైపు నెట్టింది. మావయ్య అప్పటికే ఫోనులో అగ్నిమాపక కేంద్రం వాళ్ళతో అరుస్తున్నాడు. అంత ఎత్తుకి అందే నిచ్చెన వాళ్ళ బండికే ఉంది. ఆ బండి ఊరి ఆ చివర నుంచి రావాలి. పైకెక్కేవాళ్ళు కట్టుకునే తాళ్ళు, బెల్టులు కప్పు డబ్బుతో రావాల్సినవి. అవీ రాలేదు.

"గొలుసు వదిలెయ్. నెమ్మదిగా కిందకి జారవిడువు."

గొలుసు వచ్చి సిమెంటు మీద పడి మోగింది. దూలాలు మళ్ళీ ఊగాయి, మళ్ళీ టప్పుమంది. ఉడత మోకాళ్ళు వంచి చేతులు చాచి కదలకుండా ఉండిపోయాడు. గోడ పక్కన తను ఎక్కి వచ్చిన ఇనుప వంతెన దగ్గరికి చేరితే బతికిపోతాడు. కానీ ఇక రెంటి మీదా కాళ్ళు వేసి నడవడం కుదరదు. ఏదో ఒకదాని మీదికి పూర్తిగా ఎక్కి, దాని వెంటే పోవాలి. మంచిదైతే నడిచిపోవచ్చు.

"తట్టి చూడు!" అన్నాడు కింద నుంచి ఒక లైట్‌మన్.

ఉడత మెల్లగా వంగి కుడి పక్కది వేలితో కొట్టాడు. డొల్లగా మోగింది. ఎడమ పక్కది కొట్టాడు. అదీ డొల్లగానే మోగింది.

"రెండూ ఒకేలా ఉన్నాయక్కా!"

రెండూ డొల్లవెలా అవుతాయి? జంటకొకటి గట్టిదని నాన్న చెప్పాడే!

"నాన్న!" అని అరిచింది. "నాన్నని పిలవండి! పని షెడ్డులో ఉంటాడు, ఎత్తుకుని రండి!"

ఎత్తుకు రావాల్సిన పని లేకపోయింది. కేకలు విని పెద్దమేస్త్రి అప్పటికే గుమ్మంలోకి వచ్చాడు. చెవి సందున పెన్సిలు, చొక్కా నిండా చెక్కపొట్టు. దారిచ్చిన వాళ్ళ మధ్య నుంచి వచ్చి, తల ఎత్తి, కొడుకుని చూశాడు.

"నాన్నా, రెండూ డొల్లగా మోగుతున్నాయి. గట్టిది ఉందన్నావుగా!" అంది కూతురు.

"ఉంది." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "పాత ఇనుము వంకరటింకరగా ఉందమ్మా. కొత్తదాని పక్కన పెడితే అదే దొంగదిలా కనిపించింది. కంటికి ఆనలేదు. అందుకని దానికి కూడా చెక్క తొడుగు వేసి, రెంటికీ కలిపి రంగు వేశాను."

ఫండమ్మ చేతిలోని ముక్క వంకా పైకీ చూసింది. మావయ్య చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. అవతలి నుంచి ఎవరో హలో హలో అంటున్నారు.

"సరే, వేశావు," అంది చిన్నమేస్త్రి. నిన్నటి మాటలన్నీ ఆమె మనసులోంచి ఎప్పుడో పోయాయి. తండ్రి రెండు భుజాలూ పట్టుకుంది. "నీ చేత్తో వేశావు. కుడిదా, ఎడమదా? వాడికి చెప్పు నాన్నా."

పెద్దమేస్త్రి చూశాడు. రెండడుగులు ఆ పక్కకి వేసి చూశాడు. కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాడు. పైన రెండు దూలాలు ఒకే మందాన, ఒకే తుప్పుతో, మేకుల వరసతో సహా ఒకే తీరుగా ఉన్నాయి. నిన్నటి నుంచి కూతురితో మాట్లాడని మనిషి ఆమె చెవి దగ్గరికి వంగి, కొడుక్కి వినపడకుండా చెప్పాడు.

"నాకే తెలియట్లేదమ్మా."

మళ్ళీ టప్పుమంది.

పైనుంచి ఉడత, చిన్నపిల్లాడిలా, అడిగాడు.

"నాన్నా, ఏ కాలు ఎత్తను?"